కోర్టు లేచేదాకా

చిన్న కేసుల్లో మన మేజిస్ట్రేటు కోర్టులు వేసే శిక్ష ఒకటుంది. ముద్దాయి నేరం ఒప్పుకుంటాడు. కొంత జరిమానా కట్టమంటారు, దానితోపాటు కోర్టు లేచేదాకా హాల్లోనే ఉండమంటారు. సాయంత్రం జడ్జి బెంచీ దిగగానే ముద్దాయి ఇంటిదారి పడతాడు. పొద్దున ఇంట్లో అన్నం తిని వచ్చినవాడు రాత్రికి మళ్లీ ఇంట్లోనే తింటాడు. చూసేవాళ్లకు అది శిక్షలాగే అనిపించదు. చట్టం లెక్కలో మాత్రం అది జైలుశిక్షే. విదేశీ వీసా ఫారం మీద ‘నీకెప్పుడైనా శిక్ష పడిందా’ అని అడిగే గడి ముందు ఆ మనిషి రాయాల్సిన జవాబు ‘అవును’.

ఒక చిన్న తప్పుకు పడిన శిక్ష ఎక్కడ ముగుస్తుంది? కోర్టు లేచినప్పుడా, జరిమానా రసీదు చేతికొచ్చినప్పుడా, లేక మనిషి బతికినంతకాలం వెంట నడుస్తుందా? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతంలో పుట్టిపెరిగినవాళ్లకు ఇది వట్టి తత్వచర్చ కాదు. ఇక్కడ బతుకుతెరువు చాలా ఇళ్లలో సముద్రం అవతల ఉంటుంది. వరి, పసుపు పండే ఊళ్లలో, బీడీలు చుట్టే వాడల్లో, సాంచాల (మరమగ్గాల) చప్పుడు ఆగని సిరిసిల్ల గల్లీల్లో ఏ ఇంటి తలుపు తట్టినా దుబాయిలోనో, సౌదీలోనో, మస్కట్‌లోనో, కువైట్‌లోనో ఒక కొడుకు, ఒక అల్లుడు ఉంటాడు. ఇప్పుడు రెండో తరం వచ్చింది. తండ్రి గల్ఫ్‌లో మేస్త్రీ పని చేసి చదివించిన బిడ్డ అమెరికాకో, ఇంగ్లండ్‌కో పోతానంటోంది. ఇలాంటి చోట పాస్‌పోర్టు అంటే పొలం పట్టా పాస్‌బుక్కుతో సమానమైన కాగితం. దానిమీద పడే చిన్న మచ్చ కూడా ఇంటిల్లిపాదికీ తగులుతుంది.

మరి ఈ చిన్న కేసులు ఎక్కడినుంచి వస్తాయి? ఎక్కువ భాగం మన మామూలు బతుకులోంచే. గెట్టు పంచాయితీలో అన్నదమ్ములు చెయ్యిచేసుకుంటే రెండు వైపులా కేసులు పడతాయి. మామిడితోటలో పత్తాలాడుతుంటే పోలీసులు వచ్చి పైసలతో సహా పట్టుకుపోతారు, 1974 నాటి గేమింగ్ చట్టం కింద కేసు కడతారు. పెళ్లి దావత్ నుంచి బండి మీద వస్తూ బ్రీత్ ఎనలైజర్ ముందు ఆగుతారు. నీళ్లకో, కరెంటుకో రాస్తారోకో చేస్తే రోడ్డు ఆపారని కేసు. తెలంగాణ ఉద్యమంలో పట్టాల మీద కూర్చున్నవాళ్ల సంగతి అందరికీ తెలుసు. రాష్ట్రం వచ్చాక రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉన్న కేసులు ఎత్తేశారు గానీ, రైల్వే చట్టం కింద పెట్టినవి కేంద్రం చేతిలో ఉండడంతో ఏళ్లకేళ్లు రైల్వే కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది.

ఈ నేలకు కేసులు కొత్త కాదు. 1978లో రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగిన కొద్ది వారాలకే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ తర్వాతి రోజుల్లో ఎంతోమంది యువకుల పేర్లు పోలీస్‌స్టేషన్ రిజిస్టర్లకెక్కాయి. ఇక్కడి జనం గల్ఫ్ బాట పట్టిందీ ఆ కాలంలోనే. ఊళ్లో ఉండలేని పరిస్థితి, ఊరు విడిచిపోవాలంటే కావలసిన పోలీసు రిపోర్టు, ఈ రెంటి మధ్యా నలిగిన తరం ఒకటి ఇక్కడ ఉంది. ఆ తరం వాళ్లింకా మన మధ్య ఉన్నారు.

అసలు చిక్కు కేసు పెట్టడంలో కంటే అది ముగిసే తీరులో ఉంది. లోక్ అదాలత్ రోజున కోర్టు ఆవరణ జాతరలా ఉంటుంది. ‘ఒప్పుకుంటే అయిపాయె, ఫైన్ కట్టి పోదాం తియ్’ అనే మాట అక్కడ నలుగురి నోటా వింటాం. అలా వచ్చి వెళ్లేవాళ్లలో చాలామందికి ఒక తేడా తెలియదు. ఒకే రోజు, ఒకే హాల్లో, ఒకే బెంచీ ముందు రెండు రకాల ముగింపులు ఉంటాయి. ఒకటి రాజీ. ఫిర్యాదు చేసినవాడు, ముద్దాయి కలిసి వచ్చి, రాజీపడదగ్గ కేసును వదులుకుంటే చట్టం దాన్ని నిర్దోషిగా విడుదలైనట్టే లెక్కిస్తుంది. పాత నేర విచారణ స్మృతి 320వ సెక్షన్ ఆ మాట స్పష్టంగా చెప్పింది, ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఆ సూత్రమే ఉంది. రెండోది నేరం ఒప్పుకోలు. తాగి నడిపిన కేసులో ఎదుటి పార్టీ ప్రభుత్వమే, రాజీ పడడానికి అవతల మనిషి ఉండడు. ముద్దాయి ఒప్పుకుంటాడు, జడ్జి జరిమానా వేస్తాడు, కేసు ‘క్లోజ్’ అవుతుంది. ఇది నేరనిరూపణ. జరిమానా వంద రూపాయలైనా సరే, చట్టం దృష్టిలో అతడు శిక్ష పడినవాడే.

మా బంధువుల్లో ఒక పిల్లవాడు ఇలాగే రెండు కేసులూ ఒకే రోజు తెంపుకొని వచ్చాడు. గెట్టు తగాదా కేసు రాజీతో పోయింది, బండి కేసు ఒప్పుకోలుతో పోయింది. రెండూ ‘కొట్టేసిండ్రు’ అని ఇంట్లో చెప్పాడు. అతడు అబద్ధమాడలేదు. అతనికి అంతే తెలుసు, అంతకంటే ఎక్కువ చెప్పినవాళ్లు లేరు. పెద్దదిగా కనిపించిన కొట్లాట కేసు ఏ మచ్చా లేకుండా మాసిపోయి, చిన్నదనుకున్న బండి కేసు కాగితం మీద నిలిచిపోయిందని ఆ ఇంటికి తెలిసేసరికి చాలాకాలం పట్టింది.

మన పాస్‌పోర్టు చట్టం నిజానికి అంత కఠినం కాదు. 1967 చట్టం ఆరో సెక్షన్ ప్రకారం గడిచిన ఐదేళ్లలో నైతిక పతనంతో కూడిన నేరంలో కనీసం రెండేళ్ల జైలుశిక్ష పడినవారికి పాస్‌పోర్టు నిరాకరిస్తారు. అంటే చిన్న జరిమానాలు ఆ గీత కిందికి రానే రావు. ఎక్కువమందిని ఆపేది పడిన శిక్ష కాదు, నడుస్తున్న కేసు. దానికీ దారి ఉంది. 1993 ఆగస్టు 25 నాటి కేంద్ర ప్రభుత్వ నోటిఫికేషన్ ప్రకారం, కేసు నడుస్తున్న కోర్టు అనుమతి తెచ్చుకుంటే పాస్‌పోర్టు ఇస్తారు. కోర్టు గడువేమీ చెప్పకపోతే ఒక ఏడాదికి ఇస్తారు. 2021లో సుప్రీంకోర్టు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వచ్చిన ఒక కేసులో మరో మాట చెప్పింది: అప్పీలు పెండింగులో ఉందన్న ఒక్క కారణంతో పాస్‌పోర్టు రెన్యువల్ ఆపడానికి వీల్లేదు. ఆ ముద్దాయికి పడిన శిక్ష హైకోర్టులో ఏడాదికి తగ్గింది. విదేశాలకు వెళ్లే హక్కు ఇరవై ఒకటో అధికరణలోని వ్యక్తి స్వేచ్ఛలో భాగమని 1967లోనే సత్వంత్ సింగ్ కేసులో, 1978లో మేనకా గాంధీ కేసులో మన అత్యున్నత న్యాయస్థానం తేల్చి చెప్పింది.

కాబట్టి మన గుమ్మం దాటడం కష్టమే గానీ అసాధ్యం కాదు. అసలు కష్టం అవతలి గుమ్మం దగ్గర. అక్కడ మన రాజ్యాంగం పనిచేయదు.

గల్ఫ్ దేశాల సంగతి చూడండి. కరీంనగర్‌లోనో నిజామాబాద్‌లోనో పాస్‌పోర్టు సేవా కేంద్రానికి పోయి, ఐదు వందలు కట్టి, పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టుకునే వరుసలు మనవాళ్లకు అలవాటే. కువైట్‌కు పనికి పోవాలంటే ఆ కాగితం కావాలి. యూఏఈ 2018 ఫిబ్రవరిలో పని వీసాలకు సత్ప్రవర్తన పత్రం తప్పనిసరి చేసి, రెండు నెలలకే భారత్ సహా తొమ్మిది దేశాల వారికి ఆ నిబంధన ఆపేసింది. సౌదీ 2022 ఆగస్టులో అడగడం మొదలుపెట్టి, నవంబరులో భారతీయులను మినహాయించింది. ఆ మూడు నెలల కాలంలో ఈ సర్టిఫికెట్ల రద్దీ ఎంతగా పెరిగిందంటే, పోస్టాఫీసు పాస్‌పోర్టు కేంద్రాల్లో కూడా దరఖాస్తులు తీసుకోవాలని విదేశాంగ శాఖ ఆదేశించాల్సి వచ్చింది. నిబంధన ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో పనివాడికి తెలియదు. అతని చేతిలో ఉన్నది ఒక్కటే, తన పేరు మీద కాగితం శుభ్రంగా ఉంచుకోవడం.

పడమటి దేశాలకు పోతే కొలతలు మరింత వింతగా ఉంటాయి. ఇంగ్లండ్ చూడడానికి మొదటిసారి వెళ్లేవాడికి జరిమానా లాంటి చిన్న శిక్ష పడి ఉంటే, శిక్ష పడిన నాటినుంచి ఏడాది గడిచేదాకా వీసా రాదు. ఏడాది జైలు, అంతకు మించి పడితే తలుపు మూసినట్టే. ఇందులో ఒక న్యాయం ఉంది, చిన్నదానికి చిన్న గడువు పెట్టారు. కెనడాలో అలా కాదు. 2018 డిసెంబరు 18న తాగి నడిపే నేరానికి గరిష్ఠ శిక్షను వాళ్లు ఐదేళ్ల నుంచి పదేళ్లకు పెంచారు. దానితో అది వలస చట్టంలో ‘తీవ్ర నేరం’ వరుసలో చేరింది. వాళ్లు చూసేది మన కోర్టు ఎంత శిక్ష వేసిందని కాదు, అదే పని తమ దేశంలో చేస్తే ఎంత వరకు వేయవచ్చని. మన దగ్గర 2019కి ముందు మొదటిసారి రెండు వేల లోపు జరిమానాతో పోయిన కేసును అక్కడ పదేళ్ల జైలు పడగల నేరంతో పోల్చి చూస్తారు. మనకు వంద మిల్లీలీటర్ల రక్తంలో ముప్పై మిల్లీగ్రాములు దాటితే నేరం, వాళ్ల క్రిమినల్ చట్టం గీత ఎనభై దగ్గర ఉంటుంది. ఆ తేడా మన ముద్దాయికి మేలు చేయగలదు. కానీ అది చూపించాలంటే కేసు నాటి రీడింగు కాగితం కావాలి. ఫైన్ రసీదే దాచుకోనివాడు ఆ కాగితం ఎక్కడినుంచి తెస్తాడు?

అమెరికాది మరో లెక్క. నైతిక పతనపు నేరం ఒకే ఒక్కటి ఉండి, దానికి గరిష్ఠ శిక్ష ఏడాది మించకుండా, పడిన శిక్ష ఆరు నెలలు మించకుండా ఉంటే చిన్న నేరమని మినహాయిస్తారు. వినడానికి దయగా ఉంది. కానీ మన పాత శిక్షాస్మృతిలో మామూలు దొంగతనానికే గరిష్ఠ శిక్ష మూడేళ్లు. ఒక కుర్రవాడు పక్కవాడి సెల్‌ఫోన్ తీసిన కేసులో ఐదు వందల జరిమానాతో బయటపడినా, ఆ మూడేళ్ల అంకె చట్టంలో ఉంది కాబట్టి అమెరికా మినహాయింపు అతనికి అందదు. పైగా వాళ్ల వీసా ఫారం శిక్ష గురించే కాదు, అరెస్టు గురించీ అడుగుతుంది, క్షమాభిక్ష వచ్చినా చెప్పమంటుంది. అక్కడికి చేరాక కూడా నిశ్చింత లేదు. 2025 వసంతంలో వేలాది విదేశీ విద్యార్థుల వలస హోదా రికార్డులు ఒక్కసారిగా రద్దయ్యాయి. కొట్టేసిన చిన్న కేసులు, ట్రాఫిక్ తప్పులు ఉన్నవాళ్లు కూడా అందులో చిక్కుకున్నారు. అమెరికా వలస న్యాయవాదుల సంఘం సేకరించిన 327 ఉదంతాల్లో సగం భారతీయ విద్యార్థులవే. కోర్టులు కలగజేసుకున్నాక ఏప్రిల్ చివర ఆ రికార్డులు పునరుద్ధరిస్తామని ప్రభుత్వం చెప్పింది. ఆ రోజుల్లో మన ఊళ్లలో ఎన్ని ఇళ్లలో నిద్ర లేదో ఆ తల్లిదండ్రులకే ఎరుక.

ఇన్ని దేశాల కొలతలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి అర్థమవుతుంది. ఒక చిన్న తప్పుకు అసలు శిక్షను మన మేజిస్ట్రేటు రాయడం లేదు. ఎప్పుడో, ఎక్కడో, ఆ మనిషిని ఎన్నడూ చూడని వీసా అధికారి రాస్తున్నాడు. మేజిస్ట్రేటు ముద్దాయి ముఖం చూస్తాడు, వయసు చూస్తాడు, వెంట వచ్చిన తల్లిని చూస్తాడు, చూసి ‘సరే, కోర్టు లేచేదాకా కూర్చో’ అంటాడు. ఆ కొంచెం దయ కాగితం మీదికి ఎక్కదు. కాగితం మీదికి ఎక్కేది సెక్షన్ నంబరు ఒక్కటే. సముద్రం దాటి పోయేదీ అదే.

మన ఊళ్లలో పాత పద్ధతి ఒకటుండేది. కులపెద్దలు కూర్చుని తప్పు వేసేవారు. తప్పు కట్టినవాణ్ని ఆ రోజే బంతిలో పక్కన కూర్చోబెట్టుకుని అన్నం తినేవారు. ఆ పంచాయితీలు చేసిన అన్యాయాలు తక్కువేమీ కాదు, కుల బహిష్కారాల పేరుతో ఎన్ని కుటుంబాలను ఏడిపించారో నేనెరుగుదును, వాటిని వెనక్కి తెమ్మని అనను. కానీ ఒక్క విషయంలో వాళ్లు మనకంటే నయం. శిక్షకు ఒక చివర పెట్టారు. తిన్న బంతి సాక్షిగా ఆ తప్పు అక్కడితో చెల్లిపోయింది. మన చట్టం శిక్షకు మొదలు చక్కగా నిర్వచించింది గానీ, చివర సంగతి మరిచిపోయింది.

సిరిసిల్ల ప్రాంతానికి చెందిన ఐదుగురు కార్మికుల కథ ఇక్కడ చెప్పాలి. 2005లో దుబాయిలో ఒక నేపాలీ కాపలాదారు హత్య కేసులో వాళ్లు జైలుపాలయ్యారు. అది చిన్న కేసు కాదు, పోయింది ఒక ప్రాణం. సిరిసిల్ల ఎమ్మెల్యేగా కేటీఆర్ నేపాల్ వెళ్లి, మృతుని కుటుంబాన్ని కలిసి పదిహేను లక్షల పరిహారం ఇచ్చి, క్షమిస్తున్నట్టు పత్రం తీసుకున్నారు. అయినా వాళ్లందరూ ఇంటికి చేరేసరికి 2024 వచ్చింది, పద్దెనిమిదేళ్లకు పైగా పట్టింది. ఆ కథ నాకు రెండు సంగతులు చెబుతుంది. పరాయి దేశపు చట్టం ముందు మన మనిషి ఎంత ఒంటరో మొదటిది. రెండోది, హత్య కేసులో సైతం క్షమించగల ఒక మనిషి ఉన్నాడు, అతని గడప ఎక్కి అడిగే దారి ఉంది. ఐదు వందల జరిమానా పడినవాడు క్షమాపణ ఎవరి గడప ముందు అడగాలి?

దారి లేనప్పుడు ఏజెంటు దారి చూపిస్తాడు. ‘అడిగితే లేదని రాయి, ఎవడు చూస్తడు తమ్మీ’ అంటాడు. ఈ సలహా విన్నవాడి గతి మొదటి తప్పుకంటే ఘోరం. దాచినట్టు తేలితే ఇంగ్లండ్‌కు పదేళ్లు, కెనడాకు ఐదేళ్లు దూరం. అమెరికాలో అబద్ధం చెప్పి వీసా కోరినవాడిపై నిషేధం జీవితాంతం వెంటాడుతుంది. మన పాస్‌పోర్టు దరఖాస్తులో తప్పుడు వివరాలివ్వడం కూడా నేరమే, రెండేళ్ల దాకా జైలు పడవచ్చు. ఒకప్పుడు నేరచరిత్ర ఠాణాలో దుమ్ముపట్టిన రిజిస్టరులో ఉండేది. ఇప్పుడు ఠాణాలన్నీ సీసీటీఎన్ఎస్ అనే ఒకే గొలుసులో ఉన్నాయి, కేసుల పేర్లు ఈ-కోర్టుల వెబ్‌సైటులో ఉన్నాయి. నిజం చెప్పి, కోర్టు తీర్పు నకలు, జరిమానా కట్టిన రుజువు పెట్టి, ‘అప్పుడిలా జరిగింది, ఆ తర్వాత మళ్లీ ఎన్నడూ లేదు’ అని రాసినవాడికి చాలాచోట్ల వీసా వస్తుంది. చిన్న శిక్ష దానంతటదే తలుపు మూయడం అరుదు. అబద్ధం మాత్రం మూసేస్తుంది.

మరిచిపోవడాన్ని చట్టంలో రాసుకున్న దేశాలున్నాయి. ఇంగ్లండ్ 1974లోనే చేసిన పునరావాస చట్టం ప్రకారం కొన్నేళ్లు శుభ్రంగా బతికితే చిన్న శిక్ష చెల్లిపోయినట్టే. మన దగ్గర అంత విశాలమైన చట్టం లేదు. ఉన్నవాటినైనా వాడుకోవడం లేదు. 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద తొలి తప్పు చేసినవాణ్ని మందలించో, సత్ప్రవర్తన బాండు మీదో వదిలిపెట్టవచ్చు. అలా వదిలిన మనిషికి నేరనిరూపణ వల్ల వచ్చే అనర్హతలు అంటవని ఆ చట్టం పన్నెండో సెక్షన్ చెబుతుంది. విదేశీ అధికారి దాన్ని గౌరవించాలనేమీ లేదు, అయినా మనిషికి అది ఎంతో ఆధారం. బాల నేరస్థుల విషయంలో 2015 చట్టం మరో అడుగు ముందుకేసి, ఘోర నేరాలు మినహా రికార్డులనే తీసేయమంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త న్యాయ సంహిత, ఐదు వేల లోపు చోరీ తొలిసారి చేసి సొత్తు తిరిగి ఇచ్చినవాడికి సమాజ సేవను శిక్షగా పెట్టింది. శిక్షను మెత్తన చేశారు, సంతోషం. రికార్డు సంగతి ఇంకా ఆలోచించాల్సి ఉంది.

చట్టం మారేదాకా ఆగాల్సిన పనిలేని మార్పు ఒకటుంది. 2010లో అమెరికా సుప్రీంకోర్టు పడిలా వర్సెస్ కెంటకీ కేసులో తీర్పునిచ్చింది. హోండురాస్‌లో పుట్టి, నలభై ఏళ్లకు పైగా అమెరికాలో ఉన్న మనిషితో, నేరం ఒప్పుకున్నా దేశం నుంచి పంపరు, భయపడకు అని అతని వకీలు చెప్పాడు. ఆ మాట తప్పు. దేశం నుంచి పంపేసే ప్రమాదం ఉందని ముందే చెప్పడం వకీలు బాధ్యత అని ఆ కోర్టు తేల్చింది. ఈ సూత్రం మన జగిత్యాల కోర్టుకు ఎంత అవసరమో ఆలోచించండి. మన చట్టం ప్రకారం జడ్జి ముద్దాయికి నేరారోపణ చదివి చెప్పాలి. ఒప్పుకుంటే రేపు వీసా దగ్గర ఏమవుతుందో చెప్పాలని ఎక్కడా లేదు. అక్కడే మనం మనిషిని ఒంటరిగా వదిలేస్తున్నాం.

సిరిసిల్లలో సాంచా నడిపేవాళ్లకు తెలుసు. పడుగులో ఒక పోగు తెగినప్పుడు వెంటనే సాంచా ఆపి ముడేస్తే ఏ ఇబ్బందీ లేదు. చూడక వదిలేస్తే గుడ్డ పొడుగునా ఆ గీత నడుస్తూనే ఉంటుంది. ‘ఒప్పుకుంటున్నావా’ అని జడ్జి అడిగిన క్షణం అలాంటిది. ఒక నిమిషం ఆగి చూసుకుంటే పోయేదానికి ముప్పై ఏళ్లు మూల్యం కట్టకూడదు.

అందుకని నాదొక విన్నపం. వకీళ్లూ, మీ కక్షిదారు ఒప్పుకునేముందు ‘పాస్‌పోర్టు ఉందా, బయటికి పోయే ఆలోచన ఉందా’ అని ఒక్క ప్రశ్న అడగండి. రాజీకి వీలుంటే రాజీ, ప్రొబేషన్‌కు వీలుంటే ప్రొబేషన్ కోరండి. న్యాయసేవా సంస్థల పెద్దలూ, లోక్ అదాలత్ రోజున కోర్టు గేటు దగ్గర తెలుగులో ఒక బోర్డు పెట్టండి: రాజీ వేరు, నేరం ఒప్పుకోలు వేరు అని. అమ్మలూ, అయ్యలూ, మీ పిల్లవాడి కేసు ‘అయిపోయింది’ అని ఎవరైనా చెబితే ఎలా అయిపోయిందని అడగండి, తీర్పు నకలు తీసి భద్రపరచండి. తోచకపోతే 15100కు ఫోన్ చేయండి, న్యాయసేవల ఆ నంబరుకు పైసా ఖర్చు లేదు. తమ్ముళ్లూ, తాగిన రోజు బండి తాళం పక్కవాడికివ్వండి. అప్పటికే తప్పు జరిగిపోయి ఉంటే దాచకండి. తప్పును ఒప్పుకోవడం మంచి గుణమే, కానీ ఏది ఒప్పుకుంటున్నామో, దాని వెల ఎంతో తెలిసి ఒప్పుకోవడం ప్రతి మనిషి హక్కు.